'స్త్రీ'కి ఎన్ని అక్షరాలు?

కొత్త చదువేదైనా మన ఇళ్ళలోకి ముందు పేరుగా వస్తుంది. అర్థం వెనకాల తీరుబడిగా నడిచి వస్తుంది. ఈమధ్య పెళ్ళిపందిళ్ళలోనూ, రైలు పెట్టెల్లోనూ, ఆఖరికి కూరగాయల బజారులోనూ నన్నెరిగినవారు అడుగుతున్న ప్రశ్న ఒకటే. "మావాడు వెబ్ డెవలప్‌మెంటు తీసుకుంటానంటున్నాడండీ! అదేం చదువు? దానితో పైకొస్తాడా?"

రెండో ప్రశ్నకు జవాబు చెప్పటానికి నేను జాతకాలు చూసేవాణ్ణి కాను. మొదటిదానికి మాత్రం నాలుగు మాటలు చెప్పగలను. తెలుగు ఎం.ఏ. చదివి, ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకుంటూ నలభయ్యో పడి దాటినవాణ్ణి, మూడేళ్ళుగా ఆ పాఠం కూడా చెబుతున్నాను మరి.

అదేమి విడ్డూరమని ముక్కున వేలు వేసుకోకండి. మా కాలేజీలో డిగ్రీ చివరి ఏడాదికి 'వెబ్ డెవలప్‌మెంటు, ఇంటరాక్టివ్ మీడియా డిజైను' అని విశ్వవిద్యాలయం వారు ఒక పేపరు పెట్టారు. ఆర్ట్సు వాళ్ళైనా, సైన్సు వాళ్ళైనా, కామర్సు వాళ్ళైనా తీసుకోవచ్చు. కంప్యూటరు లెక్చరరు, చురుకైన అమ్మాయి, ఒకనాడు స్టాఫ్ రూములో నా బల్ల దగ్గరికి వచ్చి అన్నది గదా: "మాస్టారూ, మా పిల్లలకు మేకు కొట్టటం నేను నేర్పగలను. ఏ గోడకి కొట్టాలో మీరు చెప్పాలి. చదివేవాడి సంగతి మీకే బాగా తెలుసు." అంతటితో మేమిద్దరం జోడెద్దులమైనాం. ఆవిడ యంత్రం వైపు, నేను మనిషి వైపు.

ముందు ఈ వెబ్ పేజీ అనేదాని పుట్టు పూర్వోత్తరాలు చెబుతాను. మీలో పెద్దవాళ్ళు సీసపు అక్షరాల అచ్చాఫీసు చూసే ఉంటారు. అక్కడ సంపాదకుడు వ్రాతప్రతి మీద ఎర్రసిరాతో గుర్తులు పెట్టేవాడు: ఇది శీర్షిక, పెద్ద టైపు, ఇక్కడినుంచి కొత్త పేరా, ఈ మాట లావక్షరం. ఆ గుర్తులు పాఠకుడి కోసం కాదు, కంపోజిటరు కోసం. పత్రికలో అవి కనిపించవు, వాటి ఫలితం కనిపిస్తుంది. వెబ్ పేజీ వ్రాసే హెచ్.టి.ఎమ్.ఎల్. కూడా సరిగ్గా అంతే. కంపోజిటరు స్థానంలో బ్రౌజరు కూర్చుంది, అంతే తేడా. శీర్షికకు ముందొక గుర్తు, తరవాతొక గుర్తు. పేరాకు ముందొకటి, తరవాతొకటి. తలుపు తీసినవాడు మూసి రావాలి, లోపలి గది తలుపు మూశాకే బయటి గది తలుపు మూయాలి. మొదటి వారం పాఠమంతా ఇంతే. మా బి.ఏ. తెలుగు పిల్లలు దీన్ని గంటలో పట్టేశారు. సమాసానికి విగ్రహవాక్యం చెప్పగలవాడికి ఒకదానిలో ఒకటి ఇమిడి ఉండటమన్నది కొత్త విషయమా?

దీన్ని కనిపెట్టినవాడు టిమ్ బెర్నర్స్-లీ అనే ఇంగ్లీషాయన. జెనీవా దగ్గర సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధనశాల ఉంది. అక్కడికి రకరకాల దేశాల శాస్త్రజ్ఞులు వస్తారు, పోతారు, ఎవరి కాగితాలు ఎవరి కంప్యూటర్లో ఉన్నాయో తెలియదు. ఆ చిక్కు విడదీయటానికి ఆయన 1989 మార్చిలో ఒక ప్రతిపాదన వ్రాసి పై అధికారికిచ్చాడు. ఆ అధికారి, అంతా అస్పష్టంగా ఉన్నా ఉత్సాహం పుట్టిస్తున్నదని పైన ఒక ముక్క గీకి పెట్టాడు. ఆ కాగితం ఇప్పటికీ భద్రంగా ఉంది. మొదట్లో గుర్తులు 20 లోపే. 1993 ఏప్రిల్ 30న సెర్న్ వారు దీన్ని, ఎవరైనా ఏమీ చెల్లించకుండా వాడుకోవచ్చునని లోకానికి ధారపోశారు. ఆ ఒక్క సంతకం లేకపోతే నేనీ పాఠం చెప్పేవాణ్ణీ కాదు, మీవాడు చదివేవాడూ కాదు. పిల్లలకు ఈ తారీఖు మాత్రం కంఠతా పట్టిస్తాను. మిగతావి చూసుకుని చెప్పినా ఫరవాలేదు.

ఆ తరవాత పేజీకి అలంకారం కావలసి వచ్చింది. 1994లో హోకన్ వియం లీ అనే నార్వే దేశస్థుడు, విషయం ఒకచోట, అలంకారం వేరొకచోట వ్రాసే పద్ధతి ప్రతిపాదించాడు. అదే సి.ఎస్.ఎస్. మరుసటేడు బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్టు తయారుచేశాడు. దానితో పేజీకి చలనం వచ్చింది, మనం ముట్టుకుంటే పలకటం వచ్చింది. పుస్తకం మనం చదువుతుంటే ఊరుకుంటుంది. ఇది ఊరుకోదు, ఊకొడుతుంది. ఇంటరాక్టివ్ అంటే అదేనని పిల్లలకు చెప్పాను. కథ చెప్పేవాడికి ఊకొట్టేవాడి విలువ తెలుసు గనుక వాళ్ళకు వెంటనే అర్థమైంది.

విషయం వేరు, అలంకారం వేరు అనే సంగతి మాటలతో చెబితే తలకెక్కదు. 2003లో డేవ్ షే అనే కెనడా ఆయన 'సి.ఎస్.ఎస్. జెన్ గార్డెన్' అని ఒక చోటు పెట్టాడు. అక్కడ పేజీలోని మాట ఒక్కటి మారదు, గుర్తు ఒక్కటి మారదు. అలంకారపు కాగితం ఒక్కటే మారుతుంది. ఒకరిది వెదురు తోటలా ఉంటే, ఇంకొకరిది సముద్రపు అడుగులా ఉంటుంది. లేబరేటరీలో దాన్ని మార్చి మార్చి చూపించినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా సెల్‌ఫోను పక్కన పెట్టారు. అదే ఆడపిల్ల, నలుగు పెట్టిన ఉదయం ఒకలా, అప్పగింతల సాయంత్రం ఒకలా కనిపించినట్టు!

ఇంతవరకూ ఏ ఊళ్ళో చెప్పినా ఇదే పాఠం. మన తెలుగు పాఠం ఇక్కడినుంచి మొదలవుతుంది.

మొదటి ఏడాది నేనొక అభ్యాసం ఇచ్చాను. పేజీలో ఒక గడి ఉండాలి. అందులో ఎవరైనా తెలుగు మాట వ్రాస్తూంటే, ప్రతి అక్షరం కిందా అది గురువో లఘువో గుర్తు పడుతూ రావాలి. కంప్యూటరు గ్రూపు కుర్రాళ్ళు చిరునవ్వు నవ్వారు. అరగంట పని అన్నారు. వాళ్ళలో అందరికన్నా గట్టివాడు ముందుగా, మాటలో అక్షరాలెన్నో లెక్క కట్టే చిన్న ముక్క వ్రాసి, 'రాముడు' అని కొట్టాడు. ఆరు అన్నది యంత్రం. 'స్త్రీ' అని కొట్టాడు. దానికీ ఆరే! కుర్రవాడు మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఆరే.

"సార్, స్త్రీకి ఎన్ని అక్షరాలు?" అన్నాడు, జన్మలో మొదటిసారి ఆ సందేహం కలిగినవాడిలా.

ఒక్కటే గదా! కాని యంత్రం మనలాగా పలకదు, లెక్కపెడుతుంది. 1991లో వచ్చిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గళ్ళ పెట్టె ఒకటి కేటాయించారు. అందులో ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఉంటుంది. 'క' సంఖ్య 3093. సంయుక్తాక్షరాలకు విడిగా గళ్ళు లేవు. స, దాని కింద పొల్లు, త, మళ్ళీ పొల్లు, ర, చివర గుడిదీర్ఘం: ఇవి ఆరూ వరసగా నిలబడితే, వాటిని కలిపి 'స్త్రీ' అని ముద్ద కట్టటం ఫాంటు పని. కంటికొకటి, లెక్కకు ఆరు. 2023లో వచ్చిన 15.1 కూర్పులో యూనికోడు వారు, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో ఇల్లాంటి సంయుక్తాక్షరాన్ని ఒకే ఖండంగా చూడాలని నియమం చేర్చారు. సంతోషమే. అయితే మా కుర్రవాడు వాడిన పాత లెక్కకు ఆ నియమం తెలియదు.

అప్పుడు లేచింది ఒక బి.ఏ. అమ్మాయి. పల్లెటూరినుంచి తెలుగు మాధ్యమంలో చదువుకుని వచ్చిన పిల్ల. కంప్యూటరు క్లాసులో అప్పటిదాకా గోడకు అంటుకుని కూర్చునేది. "పొల్లు తరవాత హల్లు వస్తే రెండిటినీ అతికించు. ఆ తరవాత వెనక్కి చూడు. వెనకున్నది లఘువైనా దాన్ని గురువు చెయ్యి. 'విద్య'లో 'వి' గురువు," అన్నది. కుర్రవాడు వ్రాశాడు. మొదటిసారి 'విద్య' కింద సరైన గుర్తులు పడ్డాయి. ఆ పూటనుంచి ఆ పిల్ల గోడ వదిలి ముందు వరసలోకి వచ్చింది. ఆ జట్టుకు ఆమే నాయకురాలైంది. 'పాతకాలపు వ్యాకరణం ఎందుకు పనికొస్తుందండీ' అని అడిగే పెద్దమనుషులకు నేను వాదనకు దిగటం మానేశాను. లేబరేటరీకి తీసుకుపోయి ఆ పేజీ చూపిస్తున్నాను.

మన అక్షరం ఎంత లోతైనదో తెలియక పెద్ద పెద్ద కంపెనీలే బోర్లా పడ్డాయి సుమండీ! 2018 ఫిబ్రవరిలో జరిగిన చిత్రం మీకు గుర్తుందో లేదో. 'జ్ఞా' అనే అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు దూరిన రూపంలో, ఎవరైనా సందేశంగా పంపితే చాలు, ఆపిల్ వారి ఐఫోన్లలో ఆ సందేశం తెరిచిన అప్లికేషను కుప్పకూలింది. లక్షలాది ఫోన్లకు ఉన్నట్టుండి 'జ్ఞా' అంటే సింహస్వప్నమైంది. ఆ నెల 19న వారు సవరించిన కూర్పు విడుదల చేసేదాకా అదే గొడవ. జ్ఞానానికి మొదటి అక్షరాన్ని మింగలేక యంత్రం మూర్ఛపోయిందని మా స్టాఫ్ రూములో వారం రోజులు నవ్వుకున్నాం. నవ్వు సరే, పాఠం మాత్రం గట్టిది. ఎక్కడో ఒక ఇంజనీరు తనకు తెలియని లిపిని పరీక్షించకుండా వదిలితే, అది తెలిసినవాళ్ళు ఆ రోజు ఫోను వాడలేకపోయారు.

ఇల్లాంటివి చిన్నవి చాలా ఉన్నాయి. ఇంగ్లీషు పేజీ నుంచి వరసల మధ్య ఎడాన్ని తెచ్చి తెలుగుకు తగిలిస్తే, కింది వరస నెత్తిన పై వరస వత్తులు వచ్చి కూర్చుంటాయి. ఎత్తు బిగించిన గడిలో పెడితే అడుగున ఉన్న వత్తు తెగిపోతుంది. వత్తు తెగితే 'అన్నం' 'అనం' అవుతుంది, 'అమ్మ' 'అమ' అవుతుంది. మనకు పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు గనుక, బొత్తాం మీది మాటను పెద్దక్షరాల్లో వ్రాయించి గొప్పగా చూపించే ఇంగ్లీషు చిట్కా ఇక్కడ పారదు. వాలు అక్షరాలంటారా, బ్రౌజరు మన గుండ్రటి అక్షరాలను బలవంతాన పక్కకు వంచుతుంది. చూస్తే ఈదురుగాలికి కుండలు దొర్లుతున్నట్టుంటుంది. పైగా పిల్లలు లేబరేటరీలో పెద్ద తెర మీద తయారుచేస్తారు, చూసేవాళ్ళందరూ జేబులో ఫోను మీద చూస్తారు. 2010లో ఈథన్ మార్కాట్ చెప్పిన పద్ధతి, అంటే పేజీ తెర వెడల్పును బట్టి తానే సర్దుకునే పద్ధతి, మా కంప్యూటరు మేడమ్ బాగా చెబుతుంది. నేను ఫోను పట్టుకుని ఎండలోకి పోయి చదవమంటాను. అక్కడ లేత బూడిదరంగు సోకులన్నీ మాయమైపోతాయి. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలని అంతర్జాతీయ నియమం ఉంది. ఎండలో నిలబడ్డవాడికి ఆ సంఖ్య ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా పాఠ్య ప్రణాళిక కమిటీలో ఒక పెద్దాయన ఈ ఏడాది ఒక ప్రతిపాదన పెట్టాడు. ఈ పేపరు తీసేయమని! "2022లో చాట్‌జీపీటీ వచ్చాక ఇంకా ఈ కోడు వ్రాయటం నేర్పటమేమిటండీ? అడిగితే యంత్రమే నిమిషంలో పేజీ తయారుచేసి చేతిలో పెడుతోంది," అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. అందుకే దాన్ని తోసిపుచ్చలేదు, క్లాసులో పరీక్షకు పెట్టాను. "హాస్టల్లో చేరటానికి తెలుగులో దరఖాస్తు పేజీ తయారుచెయ్యి" అని యంత్రాన్నడగమన్నాను.

నిమిషం పట్టలేదు. ముచ్చటైన పేజీ వచ్చింది. నీలం అంచు, గుండ్రటి మూలలు, నీడలు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. "సరే, ఇప్పుడు దీన్ని దిద్దండి, వ్యాకరణ వ్యాసం దిద్దినట్టు," అన్నాను. మొదటి గడి 'మొదటి పేరు'. రెండోది 'చివరి పేరు', తప్పనిసరి అని ఎర్ర చుక్కతో. చివరి పేరేమిటండీ, ఇదేమన్నా వీలునామానా? మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. అది చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా వ్రాస్తాం. అసలు వ్రాయని ఇళ్ళూ ఉన్నాయి. ఆ గడిలో ఇంటిపేరును ఒక్క అక్షరంగా వేస్తే, కనీసం రెండక్షరాలు ఉండాలన్నది. తెలుగులో పేరు వ్రాస్తే, ఏ నుంచి జెడ్ దాకా ఉన్న అక్షరాలు మాత్రమే వాడమన్నది, అదీ తెలుగులోనే! పేజీ ఏ భాషలో ఉందో చెప్పే గుర్తు ఒకటి పైన ఉండాలి. తెలుగైతే 'టి, ఇ' అని వ్రాయాలి. అక్కడ ఇంగ్లీషు అని ఉంది. వత్తుల సంగతి సరేసరి. ఇవన్నీ చెబితే యంత్రం మారు మాట్లాడకుండా మార్చింది, క్షమాపణ కూడా చెప్పింది. కాని చెప్పేవాడు ఉండాలి గదా! మా పిల్లలు ఆ గంటలో 14 లోపాలు పట్టారు. ఆ పట్టటాన్ని ఏ పేపరులో నేర్పుదామని కమిటీ పెద్దాయనను అడిగాను. ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడు.

పధ్నాలుగింటిలో ఎక్కువ పట్టింది, పట్టటమంటే చెవితో పట్టింది, చూపులేని ఒక విద్యార్థి. అతను బి.ఏ. తెలుగు. అతని కంప్యూటరులో ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత సాధనం ఉంది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు దాన్ని మొదలుపెట్టాడు. తెరమీద ఉన్నదాన్ని అది పైకి చదువుతుంది. అయితే పేజీ వ్రాసినవాడు గుర్తులు సరిగ్గా పెడితేనే సరిగ్గా చదువుతుంది. శీర్షికను శీర్షిక అని చెప్పకుండా ఊరికే లావుగా చేసి వదిలితే, కళ్ళున్నవాడికి శీర్షికే; వినేవాడికి అది శీర్షిక అని తెలియదు. నూరు వరసల పేజీలో అతనికి ఒక మెట్టూ ఉండదు, ఒక మలుపూ ఉండదు. బొమ్మకు వివరణ వ్రాయకపోతే ఫైలు పేరు చదువుతుంది. ఒక కుర్రవాడు తన పేజీలో అమ్మానాన్నల ఫొటో పెట్టాడు. ఆ సాధనం దాన్ని 'ఐ, ఎమ్, జి, రెండు సున్నా రెండు మూడు...' అని చదువుతూ పోయింది. క్లాసులో ఎవరో నవ్వారు. అతను నవ్వలేదు. "మీ అమ్మగారు ఎల్లా ఉంటారో ఒక్క వాక్యం వ్రాసిపెట్టు బ్రదర్," అన్నాడు. ఆ కుర్రవాడు ఆ ఒక్క వాక్యం వ్రాయటానికి ఆ సాయంత్రమంతా తీసుకున్నాడు. పది పేజీల రికార్డు కన్నా నాకు ఆ వాక్యం బాగుంది.

క్రితం ఏడాది ఆ విద్యార్థి పై చదువుకు దరఖాస్తు పెట్టుకోబోయాడు. ఎవరి దరఖాస్తో పేరు చెప్పను. అందులో, తాను మనిషినేనని రుజువు చేసుకోవటానికి వంకర అక్షరాల బొమ్మ చూసి కొట్టాలి. వినిపించే ఏర్పాటు లేదు. గడువు పది నిమిషాలు, దాటితే మళ్ళీ మొదటికి. మూడుసార్లు ప్రయత్నించి, చివరికి వీధి చివర నెట్ సెంటరు వాడికి తన ఫోనూ, సంకేతపదమూ, వచ్చిన రహస్య సంఖ్యా అన్నీ అప్పగించి పూర్తిచేయించుకున్నాడు. "మార్కులు నేను తెచ్చుకున్నాను సార్, ఫారం మాత్రం ఇంకొకడు నింపాడు," అన్నాడు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఇల్లాంటివి అందరికీ అందేలా ఉండాలనే చెబుతోంది. చట్టం ఢిల్లీలో ఉంటుంది. ఆ బొమ్మ పెట్టినవాడు మాత్రం ఏదో ఒక కాలేజీలో, ఏదో ఒక లెక్చరరు దగ్గర ఈ పాఠమే చదువుకుని ఉంటాడు. ఆ రోజునుంచి మా క్లాసులో ప్రతి పేజీనీ ముందు తెర ఆర్పి, చెవితో వింటున్నాం.

పరికరాల సంగతి అడిగితే, వాటి మీద మోజు పెంచుకోవద్దంటాను. ఒకప్పుడు హైదరాబాదులో అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఎక్కడ చూసినా బోర్డులే. వాటిలో ఫ్లాష్ నేర్పుతామనేవి ఎన్నో. పేజీలో కదిలే బొమ్మలకూ ఆటలకూ అదే పెద్దదిక్కు. ఎంతమంది తండ్రులు ఎంతెంత ఫీజులు కట్టారో! 2007లో వచ్చిన ఐఫోను దాన్ని గడప తొక్కనివ్వలేదు. 2020 డిసెంబరు 31తో అడోబీ వారే దానికి మంగళం పాడేశారు. మెనూలో ఏ బొత్తాం ఎక్కడుందో నేర్చుకున్నవాడికి ఆ చదువు అక్కడితో సరి. బొమ్మ ఎందుకు కదలాలి, ఎంతసేపు కదలాలి, ఎప్పుడు ఆగాలి అని నేర్చుకున్నవాడు మాత్రం కొత్త పనిముట్టు పట్టుకుని హాయిగా పనిచేసుకుంటున్నాడు.

న్యూయార్కు విశ్వవిద్యాలయంలో 1979లో ఈ ఇంటరాక్టివ్ విద్యకే ఒక విభాగం మొదలైంది. దాన్ని పెంచి పెద్దచేసిన రెడ్ బర్న్స్ అనే ఆవిడ ఇంజనీరు కారు, డాక్యుమెంటరీ చిత్రాలనుంచి వచ్చిన మనిషి. నాటకాలవాళ్ళూ, రచయితలూ, వకీళ్ళూ, సంగీతజ్ఞులూ కూడా ఆ విభాగంలో చేరి చదివారు. అందుచేత, తెలుగు లెక్చరరుకు ఇక్కడేం పని అని ఎవరన్నా గొణిగితే, నేను న్యూయార్కు వైపు చూపిస్తాను.

నా పాఠంలో పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైనది కాగితం ఆట. కంప్యూటరు ముట్టుకోకుండా, పేజీని కాగితం మీద పెన్సిలుతో గీయాలి. బొత్తాం నొక్కితే వచ్చే రెండో పేజీ రెండో కాగితం. ఆ పేజీ గురించి ఏమీ తెలియని మనిషిని ఒకరిని పిలిచి వేలితో నొక్కమనాలి. నొక్కినచోటును బట్టి విద్యార్థి కాగితం మార్చాలి, నోరు మాత్రం విప్పకూడదు. ఆ మనిషి మా అటెండరు. పిల్లలందరికీ బాబాయి. ఒక జట్టు కాలేజీ ఫీజు కట్టే పేజీ గీసి ఆయన ముందు పెట్టింది. కింద బొత్తాం మీద 'సమర్పించండి' అని ఉంది. బాబాయి దాన్ని వదిలి కాగితమంతా వెతికాడు. "డబ్బు ఎక్కడ కట్టాలి?" అన్నాడు. గీసిన పిల్ల చెప్పబోయి నోరు మూసుకున్నది. "సమర్పించటమంటే గుళ్ళో గదమ్మా? ఇక్కడ కట్టటమే!" అన్నాడాయన. బొత్తాం మీద 'ఫీజు కట్టండి' అని దిద్దారు. నిఘంటువు తెలుగును తెర మీద పెట్టి మాతృభాషా సేవ చేశామనుకునేవాళ్ళను ఒక్కసారి బాబాయి ముందు కూర్చోబెట్టాలనిపిస్తుంది నాకు.

పరీక్ష సంగతి మాత్రం అడక్కండి. మూడు గంటలు కూర్చుని కాగితం మీద కోడు వ్రాయాలి. ఈతలో పరీక్ష పెట్టి, నీటి గురించి వ్యాసం వ్రాయమన్నట్టు! అందుకే, మా చేతిలో ఉన్న ఇంటర్నల్ మార్కులన్నీ ప్రాజెక్టుకే వేస్తున్నాం. షరతు ఒక్కటే. మీ ఇంట్లోవాళ్ళలో ఒకరికి నిజంగా పనికొచ్చేది చెయ్యాలి, వాళ్ళే మొదట వాడాలి.

ఈ ఏడు ఒక కుర్రవాడు వాళ్ళ ఊరి బస్సుల పేజీ చేస్తున్నాడు. తల్లి రోజూ పట్నానికి కుట్టుపనికి వచ్చిపోతుంది. చదవటం వచ్చు, ఫోనులో తెలుగు కొట్టటం రాదు. మొదట ఊరి పేరు కొట్టే గడి పెట్టాడు; ఆవిడ దాన్ని చూసి ఫోను తిరిగి ఇచ్చేసింది. గడి తీసేసి, ఆ దారిలో ఉన్న తొమ్మిది ఊళ్ళ పేర్లూ తొమ్మిది బొత్తాలు చేశాడు. బొమ్మలన్నీ తీసేశాడు, సిగ్నలు సరిగ్గా అందనిచోట కూడా తెరుచుకోవాలని. పోయిన ఆదివారం ఆవిడ చేతికిచ్చాడట. తన ఊరి పేరు నొక్కింది, వేళలు చూసింది, బాగుందన్నది. ఆ తరవాత, "నిన్న సాయంత్రం ఆరింటి బస్సు రానే లేదురా. అది ఇందులో తెలుస్తుందా?" అని అడిగిందట.

సోమవారం పొద్దున్నే నా గది ముందు నిలబడ్డాడు. "సార్, బస్సు రాలేదని పేజీకి ఎవరు చెప్పాలి?" అన్నాడు. డ్రైవరా, డిపోనా, బస్టాపులో నిలబడ్డవాళ్ళా? ఒక్కొక్కటే బల్ల మీద కాగితం పరిచి గీస్తున్నాం. కంప్యూటరు మేడమ్ కూడా వచ్చి కూర్చుంది.